ఉద్దేశానికి బిల్లు

మదనపల్లె టమోటా మండీలో గుమాస్తా అమర్‌నాథ్‌కు పేర్లు పెట్టడమంటే పిచ్చి. భార్య యమున పెట్టే టమోటా ఊరగాయను అమ్ముదామని ఆరేళ్ల కిందట 'అమరరుచి' అని ట్రేడ్‌మార్కు రిజిస్టరు చేయించాడు. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించాడు. స్కూటరు మీద తన పేరు పక్కన, రిజిస్టరైన మార్కుకు గుర్తుగా వేసే సున్నా చుట్టిన ఆర్ అక్షరం రాయించాడు. జనం దాన్ని ఇంటిపేరనుకుని 'ఆర్. అమర్‌నాథ్' అంటే సరిదిద్దకుండా హుందాగా తలూపేవాడు.

అమ్మకానికి ఊరగాయ మాత్రం పెట్టనివ్వలేదు. మొదట లేబులు రంగు నచ్చలేదు, తర్వాత సీసా ఆకారం నచ్చలేదు. కారం, నూనె సిద్ధం చేసుకుని యమున అడిగినప్పుడల్లా, "బ్రాండంటే ఆషామాషీ కాదు" అనేవాడు. రోజంతా టమోటాల మధ్య తిరుగుతూ ఒక్క సీసా నింపని కంపెనీ ఓనరు జిల్లా మొత్తంలో తనొక్కడేనని అతనికీ తెలుసు. ఆ సంగతి తలుచుకుని నవ్వుకునేవాడు, మళ్లీ లేబులు పట్టుకుని కూర్చునేవాడు.

అట్లా ఉండగా కుప్పం నుంచి పిడుగు పడింది. అక్కడ ఊరగాయలు అమ్మే బాలప్ప అదే పేరు రిజిస్టరు చేయించబోతే అమర్‌నాథ్ మార్కు అడ్డొచ్చిందట. ఐదేళ్లకు పైగా వాడని ఆ మార్కును తీసేయమని దరఖాస్తు పెట్టాడు.

అమర్‌నాథ్ పుంగనూరులోని లాయరు మాధవి దగ్గరికి పరిగెత్తాడు.

"ఒక్క సీసా అయినా అమ్మినారా?" అని ఆమె అడిగింది.

"అమ్మే ఉద్దేశం గట్టిగా ఉండాది మేడమ్."

"ఉద్దేశానికి బిల్లు ఉండాదా?"

అతను బయట నిలబెట్టిన స్కూటరు మీది ఆర్ అక్షరాన్ని చూపించాడు. మాధవి నవ్వు ఆపుకుని, "ఇప్పుడు ఎగబడి అమ్మినా లెక్కకు రాదప్పా. దరఖాస్తు పడినాక చేసేది వాడకం కాదు" అంది.

అయినా మనసొప్పక, ఇంటికొచ్చి ఊరగాయ పెట్టమన్నాడు. యమున మారుమాట లేకుండా పెట్టింది. వేడన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. బ్రహ్మాండంగా ఉంది. రెండో ముద్ద కంచంలోనే వదిలేశాడు. బాలప్ప తీసేయమన్నది ఉత్త పేరునే. ఇంత రుచిగల చెయ్యి ఉన్న మనిషిని ఆరేళ్లు ఊరికే కూర్చోబెట్టింది తానే. అతనికి ఏడుపొచ్చింది.

"నన్ను తీసెయ్యమని నువ్వే దరఖాస్తు పెట్టాల్సింది" అన్నాడు.

"ఫీజుకు దుడ్లు లేక ఆగినా" అంది యమున.

అమర్‌నాథ్ బాలప్ప దరఖాస్తుకు జవాబు వేయలేదు. మార్కు పోయింది. యమున వీధి గుమ్మంలో బల్ల వేసి లేబులు లేని సీసాలతోనే అమ్మకం మొదలుపెట్టింది. పక్కింటి వెంకటమ్మ ఒక సీసా ఎత్తి చూస్తూ, "దీనికి పేరేం పెట్టినారమ్మా?" అని అడిగింది.

అమర్‌నాథ్ గొంతు సవరించుకున్నాడు.

"పేరు పెట్టేదానికి మా ఇంటాయనకు ఇంగా ఆరేండ్లు పడ్తాదిలేక్కా. నువ్వు ముందు సీసా ఎత్తుకొని పో" అంది యమున.

అతను ఆ సీసాను సంచిలో పెట్టి వెంకటమ్మ చేతికిచ్చాడు.