మా బావ అడగని ఇల్లు లేదు

మా బావకి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరింటి గడప తొక్కినా ఏదో ఒకటి అరువు అడక్కుండా బయటికి రాడు. డబ్బు మాత్రం ఎప్పుడూ అడగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నిచ్చెన, గొడుగు, ఇస్త్రీపెట్టె, సైకిల్ పంపు, చదరంగం బల్ల, ఏది కనిపిస్తే అది. ఒకసారి పక్కింటివాళ్ల కుక్కని కూడా అడిగి తెచ్చాడు. "కుక్క ఎందుకు బావా?" అంటే, "మనింట్లో లేదు కదరా" అన్నాడు. పోనీ తెచ్చింది తిరిగి ఇస్తాడా అంటే అదీ లేదు. ఇచ్చినవాళ్లే వచ్చి, కూర్చుని, కాఫీ తాగి, కబుర్లు చెప్పి, చివరికి గుర్తు తెచ్చుకుని అడిగి పట్టుకుపోవాలి.

ఆయన భార్యకి నేను తమ్ముణ్ణి. పైగా ఆయన పనిచేసే కాలేజీలోనే నేనూ పనిచేస్తాను. అంటే ఇంటి దగ్గరా సిగ్గే, పని దగ్గరా సిగ్గే. వీధిలో ఎవరైనా నన్ను చూసి చిరునవ్వు నవ్వితే నాకు గుండె జారిపోయేది. "ఏమండీ, మీ బావగారు మా నిచ్చెన పట్టుకెళ్లారు. పైకప్పు కారుతోంది, ఎక్కి చూద్దామంటే..." అని మొదలుపెట్టేవారు. నేను పరుగెత్తుకెళ్లి ఆ నిచ్చెన భుజాన వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో నడివీధిలో మోసుకొస్తుంటే, నా స్టూడెంట్లు ఎదురుపడి "సార్, సున్నాల పని కూడా మొదలుపెట్టారా?" అని అడిగేవారు.

"అక్కా, కాస్త చెప్పొచ్చుగా ఆయనకి. తలెత్తుకు తిరగలేకపోతున్నాను" అని ఒకసారి మొరపెట్టుకున్నాను.

"ఏం చెప్పనురా? మొదటిసారి మనింటికి వచ్చినప్పుడే నాన్న కళ్లజోడు అడిగి పట్టుకుపోయాడు. అది తెచ్చుకుంటానని వెళ్లిన నాన్న నా పెళ్లి ఖాయం చేసుకుని వచ్చాడు. కళ్లజోడు మాత్రం మర్చిపోయి వచ్చాడు" అంది అక్క.

మాది కమ్యూనిటీ కాలేజీ. పగలంతా ఎక్కడో ఒళ్లొంచి పనిచేసి, సాయంత్రం పూట చదువుకోవడానికి వచ్చే పెద్దవాళ్ల కాలేజీ. నేను అకౌంట్లు చెబుతాను. బావ ఒకప్పుడు ఆస్పత్రిలో మగ నర్సు; ఇప్పుడు నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చెబుతాడు. నాడి చూడడం, బీపీ చూడడం, రోగి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం, అవీ ఆయన పాఠాలు.

ఒకరోజు ప్రిన్సిపాల్ మేడమ్ గది పైకప్పు పెచ్చు ఊడి సరిగ్గా ఆవిడ టేబుల్ మీద పడింది. చేతులు కడుక్కోవడానికి లేచారు కాబట్టి ఆవిడ బతికిపోయారు, టిఫిన్ డబ్బా నుజ్జునుజ్జయింది. ఇంజనీర్లు వచ్చారు, పైకి చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అందర్నీ బయటికి పంపి గేటుకి తాళం వేశారు. మరమ్మతులు అయ్యేదాకా లోపలికి చీమ కూడా వెళ్లకూడదన్నారు.

గేటు బయట పేవ్‌మెంటు మీదే మీటింగ్. "పాఠాలు ఫోన్లో చెబుదాం. చేత్తో చేసే పనులు మాత్రం ఫోన్లో రావు. ఏం చేస్తామో ఏమో, మన పిల్లలు ఒక్కరు కూడా మధ్యలో మానకూడదు" అన్నారు మేడమ్. మన పిల్లలంటే నలభై ఏళ్లవాళ్లు కూడా ఉన్నారు లెండి. బావ మొహం వెలిగిపోయింది. "ఏం భయపడకండి మేడమ్, నేను అడిగి తెస్తాను" అన్నాడు. ఏం తెస్తాడో ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమై మెల్లగా గుంపు వెనక్కి జారుకున్నాను.

వారం తిరిగేసరికి మా కాలేజీ ఊరంతా ముక్కలు ముక్కలుగా మొలిచింది. వెల్డింగ్ క్లాసు బస్సు షెడ్డులో ఒక మూల. చేత్తో పద్దులు రాయించాలి కాబట్టి నా అకౌంట్ల క్లాసు సెలూన్లో, అదీ గిరాకీ తగ్గాక. తిరిగే కుర్చీల్లో కూర్చున్న స్టూడెంట్లు అద్దాల్లో ఒక్కొక్కరు నలుగురుగా కనిపిస్తుంటే, హాజరు వేయలేక నా తల తిరిగిపోయేది. ఇక బావ క్లాసు సాక్షాత్తూ ఫర్నిచర్ షాపులో! మంచాలున్నాయి, పరుపులున్నాయి, ఇంకేం కావాలి అన్నాడు.

షాపు ముందు పెద్ద గాజు అద్దం. దాని వెనక ఉన్న మంచం మీద బావే రోగిలా నోట్లో థర్మామీటర్ పెట్టుకుని పడుకున్నాడు. ఆయన్ని ఇటు దొర్లించి అటు దొర్లించి దుప్పటి మారుస్తున్నారు స్టూడెంట్లు. బయట గుంపు చేరింది. "ఈ పరుపు మీద పడుకుంటే జ్వరం వస్తుంది కాబోలు" అన్నాడొకడు. లోపల షాపు యజమాని నెత్తి పట్టుకున్నాడు. నా పక్కనున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఆ పడుకున్నది మీ బావగారే కదూ?" అన్నాడు.

"అబ్బే, కాదండీ" అనేశాను.

సరిగ్గా అప్పుడే థర్మామీటర్ తీసి బావ గావుకేక పెట్టాడు. "ఒరేయ్ బావమరిదీ! అక్కడే నిలబడ్డావేం? వచ్చి ఈ కాళ్లు పట్టుకో!"

వెళ్లి పట్టుకున్నాను. ఏం చేయను?

బావ క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. ఆస్పత్రిలో వార్డులు తుడిచే పని. ఈ కోర్సు పాసైతే వార్డులోనే అసిస్టెంట్‌గా తీసుకుంటామన్నారు ఆస్పత్రివాళ్లు; నెలాఖరు పరీక్షలో తప్పితే ఆ ఖాళీ ఇంకొకరికి ఇచ్చేస్తామని కూడా అన్నారు. చదువు మానేసిన ఎన్నో ఏళ్లకి మళ్లీ పుస్తకం పట్టిన పిల్ల. అందరికంటే ముందు వచ్చి కూర్చునేది.

ఫోన్ క్లాసులు మొదలైన రెండోనాడు, ఆ అమ్మాయి ఏదో ప్రశ్నకి జవాబు చెబుతుంటే వెనకనించి అత్తగారి గొంతు ఖంగున మోగింది. "ఆ ఫోను అవతల పారెయ్! పాలు పొంగి పొయ్యంతా పాడైంది. నీ మొహానికి చదువొకటి!" క్లాసు మొత్తం విన్నది. ఎవరో కిసుక్కుమన్నారు. ఒకరు నవ్వితే ఆగుతుందా, అందరూ నవ్వారు. ఆ అమ్మాయి ఫోన్ కట్ చేసింది. అంతే, మళ్లీ రాలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ ఫోన్ చేశారు, తియ్యలేదు. నవ్వినవాళ్లు తప్పయిందని మెసేజులు పెట్టారు, చూడలేదు.

"స్కూటర్ తియ్యరా, వాళ్లింటికి వెళ్దాం" అన్నాడు బావ. ఆయనకి స్కూటర్ లేదు. నాదే అరువు, నడిపేవాడితో సహా.

వాళ్ల గుమ్మం ముందు దిగగానే బావ తన చేతి వాచీ విప్పి నా చొక్కా జేబులో పడేశాడు. ఎందుకని అడిగేలోపే తలుపు కొట్టాడు. తలుపు సగం తెరుచుకుంది. ఆ సగంలో అత్తగారు.

"ఎవరు?"

"కాలేజీ నుంచి అమ్మా."

సగం తలుపు పావు తలుపయింది. "మా కోడలు మానేసింది. ఇంట్లో పనులున్నాయి" అందావిడ. లోపల ఆ అమ్మాయి మాకు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది. తల తిప్పలేదు గానీ చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది.

"మానేస్తే మానేసింది లెండి. నేను అందుకు రాలేదు. మీ ఇంట్లో గోడ గడియారం ఉందా అమ్మా? సెకన్ల ముల్లు ఉన్నది?" అన్నాడు బావ.

నేల చీలితే బాగుండు, లోపలికి దిగిపోదును అనిపించింది నాకు. ఒకరి బతుకు ఆగిపోతోందని వచ్చి ఇక్కడ కూడా అరువేనా! కానీ ఆ మాటకి తలుపు బార్లా తెరుచుకుంది.

"గడియారమా? లేకపోవడమేం! ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదని ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చారు నాకు. అదిగో చూడండి." గోడ మీద తళతళలాడుతోంది. "మీ కాలేజీలో గడియారాలు లేవా?"

"ఉన్నాయమ్మా, లోపల పెట్టి తాళం వేశారు. నాడి చూడడం నేర్పాలి. సెకన్లు లేకుండా నాడి ఎలా?"

"మీ చేతికి వాచీ లేదా?"

"లేదమ్మా" అని బావ మణికట్టు చాపాడు. ఎండకి కమిలిన చేతి మీద వాచీ పట్టీ వెడల్పున తెల్లటి చార! నేను జేబు మీద చెయ్యి వేసుకుని పైకప్పు వంక చూశాను. లోపల వాచీ టిక్కుటిక్కుమంటోంది. నాకైతే అది వీధి చివరిదాకా వినిపిస్తున్నట్టే ఉంది.

"ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి నా గడియారం ఇవ్వను."

"ఇవ్వకండమ్మా. నేనైనా ఇవ్వను. మీ మనిషినే ఎవరినైనా ఇచ్చి పంపండి. వాళ్లే తెస్తారు, వాళ్లే పక్కన కూర్చుని కాపలా కాస్తారు, వాళ్లే పట్టుకుపోతారు."

ఆవిడ గోడ మీది గడియారాన్ని ఒకసారి చూసుకుంది. తర్వాత వంటింటి వైపు తిరిగింది. "ఇదిగో అమ్మాయ్, చెయ్యి కడుక్కో. వారానికి మూడు సాయంత్రాలు నువ్వే మోసుకెళ్లు. దాని మీద గీత పడిందో, ఊరుకోను."

స్కూటర్ మీద బావ మామూలుగా ఈలపాట పాడుకుంటున్నాడు. నేనే ఉండబట్టలేక, "వాచీ ఉంచుకుని ఇదేం నాటకం బావా?" అన్నాను.

"క్లాసుకి రమ్మంటే ఆ పిల్ల వస్తుందా? అంతమంది నవ్వాక ఏ మొహంతో వస్తుంది? ఇప్పుడు రాక తప్పదు కదా, గడియారం ఉంది" అన్నాడు.

నేను బండి ఆపేశాను. నాకు ఉద్యోగం లేక గదిలో ముసుగుతన్ని పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. అక్క భోజనానికి రమ్మంటే నామోషీగా ఉండి వెళ్లేవాణ్ణి కాదు. అప్పుడే బావ వచ్చి నా సైకిల్ అడిగి పట్టుకుపోయాడు. సిగ్గూశరం లేని మనిషని తిట్టుకుంటూ దానికోసం రోజూ వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. వెళ్లినప్పుడల్లా వడ్డించి ఉన్న కంచం. సైకిల్ మాత్రం రేపిస్తాననేవాడు. ఉద్యోగం వచ్చిన రోజు ఇచ్చేశాడు. ఇన్నేళ్లూ ఆయన్ని చూసి సిగ్గుపడ్డానే, ఆ పూట మాత్రం నన్ను చూసుకుని సిగ్గేసింది.

"ఏరా, పెట్రోలు అయిపోయిందా? ఎవరినైనా అడగనా?" అన్నాడు బావ.

ఆ అమ్మాయి వచ్చింది. గడియారాన్ని తువ్వాలులో చుట్టి పసిపిల్లలా ఎత్తుకుని వచ్చింది. "నేను క్లాసుకి రాలేదు సార్, దీనితో వచ్చాను" అంది తల దించుకుని. "అలాగేనమ్మా, దాని పక్కనే కూర్చో" అన్నాడు బావ. రెండో క్లాసులో "చెయ్యి ఖాళీగానే ఉందిగా, నాడి చూడ్డానికి కాస్త అరువియ్యి" అన్నాడు. ఆ తర్వాత క్లాసులో ఆ చెయ్యే ఇంకొకరి నాడి పట్టుకుంది. ఎవ్వరూ నవ్వలేదు.

ఒక సాయంత్రం క్లాసు ఆలస్యమైంది. జన్మలో ఆలస్యం ఎరగని అత్తగారు గడియారం కోసం నిప్పులు కక్కుతూ షాపుకి వచ్చింది. అద్దంలోంచి చూస్తే కోడలు మంచం పక్కన నిలబడి బావకి బీపీ చూస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆ అమ్మాయి చేతివంకే చూసి నేర్చుకుంటున్నారు. ఆవిడ చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. చివరికి, "నా గడియారం ఇలా ఇవ్వండి" అంది గానీ గొంతులో వేడి లేదు.

"ఇస్తానమ్మా. పరీక్ష రోజు ఇంకొకటి కూడా కావాలి" అన్నాడు బావ.

"మళ్లీ ఏంటి?"

"మీరే. రోగులు తక్కువయ్యారు."

మనిషిని అరువడగడం మాత్రం నేను అదే చూడడం.

పరీక్షా ఆ షాపులోనే. రోగిగా పడుకునేవాళ్లు తమని చూసే స్టూడెంటుకి బంధువులు కాకూడదని నిబంధన. ఇంకెవరికో రోగిగా ఉంటుందిలే అని బావ ఆవిడని పిలిచాడు. చీటీలు తీస్తే ఆవిడ వెళ్లి సరిగ్గా కోడలి మంచం మీదే పడింది! బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. బయటినించి వచ్చిన పరీక్షాధికారి నవ్వే అలవాటు లేని మనిషి. బావ నోరు తెరిచేలోపే ఆయన ఆవిడని అడగనే అడిగాడు. "మీరు బంధువులేం కాదు కదా?"

"ఛఛ! ఈ పిల్ల మొహం చూడ్డం ఇదే" అంది అత్తగారు, కోడలి మొహం చూడకుండా.

ఆ అమ్మాయి అత్తగారి మణికట్టు పట్టుకుని, గోడ మీద సెకన్ల ముల్లు చూస్తూ లెక్క మొదలుపెట్టింది. సగంలో ఉండగా పరీక్షాధికారి బావ వైపు వంగి ఏదో అడిగాడు.

"నోరు ముయ్యండి! మా కోడలు లెక్కపెడుతోంది, కనిపించట్లా?"

పరీక్షాధికారి పెన్నుకి మూత పెట్టాడు. "మీ కోడలా?" అన్నాడు. అత్తగారు దుప్పటి కళ్లదాకా లాక్కుంది. బావకి నేనూ, నాకు బావా మొహం చూపించుకోలేక చెరో పరుపు వంకా చూస్తున్నాం. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"బంధువులైతే సాయం చేస్తారని ఆ నిబంధన. ఈవిడ చేసింది సాయమని ఎవడూ అనడు" అన్నాడు పరీక్షాధికారి. "మొదట్నించి లెక్కపెట్టమ్మా." నాడి అందుకోవడానికి తనూ ఆవిడ రెండో చెయ్యి పట్టుకున్నాడు.

అందరూ నవ్వారు. ఈసారి ఆ అమ్మాయి కూడా నవ్వింది. కళ్లు తుడుచుకుని, ముల్లు పైకి వచ్చేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. నిమిషం అయ్యాక అంకె చెప్పింది. ఆయన తన లెక్కతో సరిచూసుకుని తల ఊపాడు.

"సరిగ్గా ఉంది."

దుప్పటి కాస్త కిందికి దిగింది. "ఉండదూ మరి? ఎవరి కోడలనుకున్నారు?"