మరాఠీలో రాసిన ఉత్తర్వు

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరిన మూడో వారం, క్లాసు అయిపోయి మెట్లు దిగుతుంటే ఎదురుగా జిరాక్స్ షాపు దగ్గర నా భర్త కనిపించాడు. నన్ను చూసి నవ్వాడు. గిర్రున వెనక్కి తిరిగి మెట్లెక్కేశాను.

పూణెలో అతనితో నాలుగేళ్లు కాపురం చేశాను. చెయ్యి విరిగాక అక్కడి కోర్టుకెళ్లి, అతను నా దగ్గరికి రాకూడదని రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్నాను. ఏలూరులో మావాళ్లు సర్దుకుపొమ్మన్నారు. అందుకే నన్నెవరూ ఎరగని ఈ చోటికి వచ్చి, హాస్టల్లో ఆరుగురుండే గదిలో ఒక మంచం తీసుకున్నాను.

నేనిక్కడున్నానని ఎలా తెలుసుకున్నాడో, నాలుగు రోజులు అతను ఆ జిరాక్స్ షాపు దగ్గరే నిలబడ్డాడు. అయిదో రోజు హాస్టల్ గేటు దాకా వచ్చి, భార్యని తీసుకెళ్లడానికొచ్చానన్నాడు. ఇంటి గొడవలు బయట చూసుకోమంది హాస్టల్ ఆంటీ.

ఉత్తర్వు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. ఎస్సై కాగితాలు తిరగేశాడు. అంతా మరాఠీ.

"గిది పూణె కోర్టుది మేడం. గక్కడి పోలీసులకే చెప్పుకోవాలె," అన్నాడు.

దేశమంతా చెల్లుతుందని మా లాయరు చెప్పిందన్నాను. అయితే తెలుగులో రాయించుకు రమ్మన్నాడు. బయట బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో పేర్లు ఒక్కొక్కటే చూశాను. ఎవరికి చెయ్యాలో తోచలేదు.

అటుగా వచ్చిన లేడీ కానిస్టేబుల్ నా ఒళ్లోని కాగితం చూసి ఆగింది. పక్కన కూర్చుని మెల్లగా చదవసాగింది. ఆమెది ఆదిలాబాద్ వైపు, మహారాష్ట్ర సరిహద్దు పల్లె. చిన్నప్పుడు మరాఠీ బడిలోనే చదివిందట. కాగితం తీసుకుని లోపలికి నడిచింది. వెనకే వెళ్లాను.

"సార్, ఈమె ఉండే కాడికి, చదువుకునే కాడికి, పని చేసే కాడికి ఆయన రావద్దని ఉన్నది. పూణెల మాత్రమే అని ఏడ గూడ రాయలే."

ఎస్సై కలం తీశాడు. "మళ్ల చదువు," అన్నాడు. ఆమె ఒక్కో వాక్యం చెబుతుంటే తనే తెలుగులో రాసుకున్నాడు. తర్వాత నా క్లాసు ఎన్నింటికి అయిపోతుందో అడిగాడు.

మర్నాడు మామూలు బట్టల్లో ఇద్దరు పోలీసులు జిరాక్స్ షాపు దగ్గర నిలబడ్డారు. అతను రాగానే తీసుకెళ్లి, ఉత్తర్వు మీరినందుకు కేసు పెట్టారు. బెయిలు మీద బయటికొచ్చాడు కానీ మళ్లీ ఇటు రాలేదు.

ఆ సంగతి తెలిశాక గదిలో అమ్మాయిలు నాతో మాటలు తగ్గించారు. "పోలీసుల దాకా వెళ్లావా?" అని ఫోన్ పెట్టేసిన అమ్మ ఏడాది దాకా మళ్లీ చెయ్యలేదు. స్వీట్లు తీసుకుని ఆ కానిస్టేబుల్ కోసం వెళితే, బదిలీ అయిందన్నారు.

కోర్సు అయిపోగానే పంజాగుట్టలో ఉద్యోగం దొరికింది. చేరేరోజు ఇచ్చిన ఫారంలో, ఆపద వస్తే ఎవరికి చెప్పాలి అని ఒక గడి ఉంది. చాలాసేపు చూసి ఖాళీగా వదిలేశాను. ఏదో ఒకటి రాయండి అంది ఆఫీసమ్మాయి. హాస్టల్ నంబరు రాశాను.