చావాల్సిన కంది

నా పింఛను మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

తెలంగాణ వచ్చిన ఏడాది, వానాకాలానికి ముందు నన్ను కట్టంగూర్ దగ్గరి కంది పరిశోధన క్షేత్రానికి సైంటిస్టుగా వేశారు. ఎండు తెగులును తట్టుకునే కందిని ఎంచి తీయడం నా పని. దానికి సిక్ ప్లాట్ అనే మడి ఒకటి ఉంటుంది. తెగులుతో చచ్చిన కంది కట్టెను ఊళ్ల నుంచి తెచ్చి అందులోనే దున్ని, తెగులును మేపుతాం. అక్కడ బతికిన మొక్క గింజనే మళ్లీ విత్తుతాం. మధ్యమధ్య తప్పకుండా చచ్చే పాత రకాన్ని ఒక వరుస వేస్తాం. అది చస్తేనే పక్కది బతికినందుకు విలువ.

నాలుగో ఏటికి నా చేతిలో ఒకే వంగడం మిగిలింది. ఆ ఏడు కూడా నిలిస్తే రైతుల చేలకు పోతుంది, లేకుంటే ఫైలు మూస్తారు. పూత నాటికి అది పచ్చగా నిలిచింది. సంబరంగా పక్కకు చూశాను. చావాల్సిన రకం దానికంటే పచ్చగా ఉంది.

మా ప్రిన్సిపల్ సైంటిస్టు వచ్చి మడి చుట్టూ తిరిగి, తెగులుకు వైద్యం ఏమైనా చేయించావా అని అడిగారు. అదే సమయానికి గట్టు అవతల గొర్లు కాసే మల్లయ్య మందలోంచి ఒక పొట్టేలు మడిలో దూరింది. పాత రకాన్ని కసకసా మేసి, నా వంగడం ముందుకొచ్చి మోకాళ్లు వంచి దండం పెట్టింది.

దాన్ని తోలుకుపోవడానికి వచ్చిన మల్లయ్య పైరును చూసి మురిసిపోయాడు.

"ఎట్లున్నది సారూ, మా గొర్ల ఎరువు?"

"ఈ మడిల రాత్రిపూట మంద ఆపినవా మల్లయ్యా?" అన్నాను.

"ఎండకాలమంత ఆపిన. ఏటేటా మీ చేను మాడుడే సూస్తున్న. గంత సదువుకొని ఒక్క పంట తీస్తలేడు, పెండ్లాం ముంగట ఏం మొకం పెట్టుకొని తింటడోనని మా ఇంటిది గూడ ఒకటే రంది. కాపలాయనకు జెప్తే ఆయన గూడ పాపమని గేటు దీసిండు."

మా ప్రిన్సిపల్ సారు నవ్వాపుకోలేక అటు తిరిగారు. ఇది తెగులును పెంచే మడి అని, గొర్ల ఎరువు పడితే మట్టిలో ఆ తెగులు అణిగిపోతుందని నేను విడమరిచి చెబితే మల్లయ్య మొహం వాడిపోయింది. ఆయన ఎర్రనేల చెల్కలోనూ కంది ఏటా ఎండుతోంది. మేం తీసే గింజ కోసమే ఆయన చూస్తున్నాడు.

పొట్టేలును గట్టు దాటించి వచ్చి అన్నాడు: "నా చెల్క ఉన్నది గద సారూ. గొర్లన్ని ఊరోళ్ల చేన్లల్లనే పండుకుంటయి, దానికి ఎరువు లేదు. తెగులుకు కొదువ లేదు. ఆడ ఏసి సూడుండ్రి. సచ్చేది సావనీ."

సారు ఇంకో ఏడాది గడువిచ్చారు. మరుసటి వానాకాలం మల్లయ్య చెల్కలో పాత రకం కాయ పట్టకముందే ఎండింది. మా వంగడం సగానికి పైగా నిలిచి కాయ దించింది. ఆ ఏడంతా మల్లయ్య మందను ఆ చెల్క గట్టు కూడా తొక్కనివ్వలేదు. తొలి గింజ ఆయన రుమాల్లోకే పోసి ఇచ్చాను.

వంగడాన్ని ఎంచేటప్పుడు బతికిన మొక్కను కాదు, దాని పక్కన చచ్చిన మొక్కను ముందు చూడాలి. మనం చేసే పనేమిటో గట్టు అవతలి మనిషికి ముందే చెప్పి ఉండాలి. ఈ ఉదంతం నాకు నేర్పింది ఇదే.

ఇక ఒట్టు సంగతి. పొట్టేలు దండం పెట్టడం నా కల్పన. అది రెండు రకాలనూ సమానంగా మేసింది.