పోశెట్టి సరే అన్నది ఏ మాటకు

మా ఆయన పోయాక ఆయన కొలువు నాకిచ్చారు. బాన్సువాడ సెక్షన్‌లో లష్కర్. నిజాంసాగర్ పెద్దకాలువ నుంచి చీలే ఒక ఉపకాలువ మీద తూములు తెరవడం, మూయడం, నీటి మట్టం చూసి పైకి చెప్పడం లష్కర్ పని. ఆడమనిషికి ఈ పనేందని కొన్నాళ్లు అన్నారు. షట్టర్ చక్రం తిప్పుతుంటే చూశాక ఊరుకున్నారు. ఇప్పుడు చెప్పేది నేను రిటైర్ కావడానికి ముందటి యాసంగి, అంటే రబీ పంటప్పటి సంగతి. సంతకం వరకే నాకు రాత వచ్చు. నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కూతురు రాస్తోంది.

లష్కర్ పైన వర్క్ ఇన్‌స్పెక్టర్, ఆయన పైన ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు. పైనుంచి హుకుం రానిది లష్కర్ తూము ముట్టరాదు. యాసంగిలో నీళ్లు తడుల లెక్కన ఇస్తారు. కొన్నాళ్లు కాలువ పారుతుంది, కొన్నాళ్లు బంద్. ఒక్కో తడిలో ముందు ఎవరి పొలాలు, తర్వాత ఎవరివి అన్నది వంతు. మా కాలువ మీద చివరి పొలాలకు ముందు పారించి, తలదగ్గరివాళ్లకు తర్వాత ఇచ్చేవాళ్లం. తలదగ్గర తూములు ముందు తెరిచామంటే కిందికి చుక్క కూడా దిగదు.

ఆ రోజుల్లోనే రైతుల కోసం ఫోన్లో ఒక చర్చావేదిక మొదలైంది. నడిపేది వర్ని ఊరి దిక్కు అమ్మాయి, శిరీష. వ్యవసాయం డిప్లొమా చదివింది. ఎవరైనా ఒక విషయం పెడితే దాని కిందనే మిగతావాళ్లు జవాబులు పెడతారు. అవి అలాగే ఉండిపోతాయి. పెట్టినవాళ్లు మాత్రం తమ మాటను ఎప్పుడంటే అప్పుడు తెరిచి దిద్దుకోవచ్చు. దిద్దినట్టు గుర్తు కూడా పడేది కాదు. వంతులు అందులోనే పెట్టమని ఏఈ సారు చెప్పారు. నాలాంటివాళ్లకు ఫోనే చదివి వినిపించేది.

వరి పైరు పొట్ట మీద, ఇంకా వెన్ను బయటికి రాకముందు ఇచ్చే తడికి వర్క్ ఇన్‌స్పెక్టర్ మల్లేశం సారు వంతు పెట్టారు. ఆదివారం నుంచి ముందు చివరి పొలాలకు, తర్వాత తలదగ్గరివాళ్లకు. నేను విన్నాను. కింద చివరి పొలాల రైతులు జవాబులు పెట్టారు. అందరికన్నా ముందు పెట్టింది పోశెట్టి: “సరే సార్, మాకు సమ్మతమే.” ఆయనది కాలువ కొసాకు ఉన్న పొలం. దాని తర్వాత వాగే. ఆయనకు బోరు లేదు, ఆ తడి తప్పితే ఇంకో దారీ లేదు.

తర్వాత ప్రాజెక్టు నుంచి వదిలే నీళ్లు తగ్గించారు. తమ పైరు ముందు ఈనుతుందని, తమకే ముందివ్వాలని తలదగ్గరి రైతులు తమలో పెద్ద రైతు రాజన్న పటేల్‌ను వెంటబెట్టుకుని ఏఈ సారు దగ్గరికి వెళ్లారు. చివరివాళ్లు ఒప్పుకుంటేనే వంతు మార్చండి, లేకుంటే పాతదే నడవనియ్యండి అన్నారు ఏఈ సారు. మల్లేశం సారు చివరివాళ్లను అడగడానికి కొత్త మాట పెట్టలేదు. పాతదాన్నే తెరిచి, ముందువాళ్లను వెనక్కు, వెనకవాళ్లను ముందుకు మార్చారు. కాదనేవాళ్లు కాదంటారులే అనుకున్నారు. ఒకసారి చదివి సరే అన్నదాన్ని మళ్లీ ఎవరు తెరిచి చూస్తారు? ఏఈ సారు తెరిచి చూసేసరికి పైన మారిన వంతు, కింద చివరి రైతుల సమ్మతులు వరుసగా ఉన్నాయి. హుకుం ఇచ్చారు.

ఆదివారం మల్లేశం సారు తలదగ్గరి తూములు తెరవమన్నారు.

“సార్, ముందు చివరోళ్లకన్నరు గదా?” అన్నాను.

“మారింది సాయవ్వా. ఎవ్వలు కాదనలే, వాళ్లు ఒప్పుకున్నరు. ఏఈ సార్ గూడ చూసిండు.”

తెరిచాను.

పొద్దెక్కాక పోశెట్టి పార భుజాన వేసుకుని కాలువ కట్ట వెంట నడిచొచ్చాడు. అప్పటికి తూము దగ్గర తలదగ్గరి రైతులు గుమిగూడి ఉన్నారు.

“ఏందక్కా, కింద కాల్వల కప్పలు గూడ లెవ్వు. నా వంతు నీళ్లేవి?” అన్నాడు.

రాజన్న పటేల్ ఫోను తీసి ఆయన ముందు పెట్టాడు. “నువ్వే సరే అన్నవ్ గదనే. చూసుకో.”

పోశెట్టి ఒకసారి చూశాడు. ఫోనుతో చదివించుకుని మళ్లీ విన్నాడు. “పేరు నాదే. సరే అన్నది గూడ నేనే. గని దీనికి గాదు.”

“మరి దేనికన్నవ్, పెండ్లి పిలుపుకా?”

అందరూ నవ్వారు. పోశెట్టి నవ్వలేదు. నా వైపు తిరిగాడు. “అక్కా, నువ్వు జెప్పు. నాకేమన్న మతి తప్పిందా?”

ఆయన ముఖం చూస్తే నిజంగానే తన మీద తనకు అనుమానం వచ్చినట్టుంది. ముందు చివరి పొలాలకేనని ఫోను నాకు వినిపించిందని చెప్పాను. పటేల్ ఒప్పుకోలేదు. “కండ్ల ముంగట రాసున్నది అబద్ధమా, లష్కరమ్మా?” అన్నాడు. ఆయనా చూసిందే చెబుతున్నాడు. నేను మల్లేశం సారును రమ్మని ఫోను చేశాను.

ఆయన వచ్చి, పటేల్ చేతిలోని ఫోను తీసుకుని చూశారు. తర్వాత అన్నారు: “మార్చింది నేనే. కొత్తది పెడితే రెండు వంతులు కనబడి పరేషాన్ అయితరని అదే దిద్దిన.”

ఏఈ సారు ఫోన్లోనే తలదగ్గరి తూములు మూయమన్నారు. వెంటనే మూశాను. కానీ తగ్గించి వదిలిన నీళ్లు, ఎండిన కాలువ. కొసాకు చేరినవి కొన్ని మళ్లకే సరిపోయాయి, అంతలో తడి బంద్ అయింది. పోశెట్టి మిగతా పైరంతా గింజ పట్టక తాలు పోయింది. కోసి పశువులకు వేశాడు.

తర్వాత ఏఈ సారు శిరీషను ఆఫీసుకు పిలిపించారు. ఇట్లాంటిది మళ్లీ జరగరాదన్నారు. కానీ దిద్దే వీలే తీసేస్తే తేదీ తప్పు పడ్డా సరిచేసుకునేదెట్లా అని అడిగారు.

“దిద్దే వీలు ఉంచుతానండి. కింద ఎవరైనా జవాబు పెట్టేశారంటే మాత్రం మూసుకుపోతుంది. ఆ తర్వాత మార్చాలంటే కింద కొత్తగా రాయాల్సిందే,” అందామె. అలాగే చేసింది.

ఆ కట్టుబాటు పాత మాటలకూ పడింది. మల్లేశం సారు మంచి మనసుతోనే, ఆ వంతును మొదట ఉన్నట్టు మార్చి పెడదామని చూశారు. తెరుచుకోలేదు. ఒక్కసారికి నేను తెరుస్తానంది శిరీష. సారు నన్ను వెంటబెట్టుకుని పోశెట్టి ఇంటికి వెళ్లి అడిగారు. మా ముందే ఆయన గడ్డిమోపు విప్పుతున్నాడు.

“వద్దు సార్,” అన్నాడు. “ఇప్పుడు మల్ల మారిస్తే పటేల్ అబద్ధమాడినట్టయితది. ఆయన సూసింది గూడ ఉన్నదే గదా. మా ఇద్దరికి ఇగ గీ లొల్లి ఎన్నటికి ఒడువది.”

ఆ మారిన వంతు కిందనే కొత్తగా రాయించాడు: “నేను సరే అన్నది ఈ మాటకు కాదు, దీనికి ముందున్న మాటకు.” దాని కింద మల్లేశం సారు, మార్చింది తానేనని తన పేరుతో పెట్టారు. ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి. చదివితే కొంచెం గందరగోళంగానే ఉంటుంది, కానీ జరిగింది జరిగినట్టు తెలుస్తుంది.

నా కొలువులో నాకు తెలిసింది ఇది. జవాబు రానంతవరకు మాట చెప్పినవాడిది, దిద్దుకోవచ్చు. జవాబు వచ్చాక అందులో ఇంకొకరి మాట కూడా కలిసింది. అది తప్పని తేలినా చెరపరాదు, దాని కింద ఇంకోటి చెప్పుకోవాలి. ఆ మీదట నేను రిటైరయ్యేదాకా, వాళ్లు ఒప్పుకున్నరని ఎవరు చెప్పినా, దేనికి ఒప్పుకున్నారో ఒప్పుకున్నవాళ్లనే అడిగి, ఆ తర్వాతే చక్రం మీద చెయ్యి వేశాను.