ఐదుంబావుకు ఇచ్చిన పానకం

ఏప్రిల్ రెండో వారం. మధ్యాహ్నం ఒంటిగంటా పది. గోరంట్ల దాటాక తారు రోడ్డు వదిలి, మట్టి దారిలో పద్నాలుగు కిలోమీటర్లు వచ్చి మా మూడు లారీలు ఆగాయి. దిగాను. బూటు అడుగులోంచి వేడి పాదానికి తగిలింది. ఎర్ర నేల, నల్ల రాళ్లు, అక్కడక్కడా తుమ్మచెట్లు. దూరంగా గుట్టల మీద గాలిమరలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ తిరగడం లేదు.

మేం ముప్పై ఒక్కమందిమి. రేడియో పరికరాలు ఎండకు ఎంతవరకు తట్టుకుంటాయో చూడటానికి తొంభై రోజుల డ్యూటీ. పరికరాల సంగతి నాకు అప్పుడే సరిగా తెలీదు, ఇప్పుడు అడగకండి. నేను వంటవాణ్ణి. సైన్యంలో వంటవాడు కూడా తుపాకీ పట్టాలి, పరుగెత్తాలి. మా ఊళ్లో ఈ మాట ఎవరూ నమ్మరు. "మిలట్రీలో ఏం చేస్తివప్పా?" అని అడుగుతారు, చెప్పగానే నవ్వుతారు. నవ్వనీ.

పదహారేళ్లు మంచులోనూ అడవిలోనూ వండిపెట్టాక నన్ను నా సీమకే పంపారు. బుక్కరాయసముద్రంలో మా ఇల్లు. బస్సెక్కితే మూడు గంటలు. సెలవు మాత్రం లేదు. ఇంతకంటే లడఖే నయమనిపించింది.

క్యాంపులో తెలుగువాళ్లం ఇద్దరమే. రెండోవాడు రేడియో ఆపరేటర్. సోమందేపల్లె మనిషి, నాయక్ హోదా, నాకంటే మూడేళ్లు చిన్న. పన్నెండేళ్లు సెట్ ముందు కూర్చున్న అలవాటు కొద్దీ ప్రతి మాట చివరా "ఓవర్" అనేవాడు. భోజనాల దగ్గర కూడా అంతే. "అన్నా, ఇంకొంచెం పప్పు. ఓవర్." నేను గరిటెతో కొట్టబోతే నవ్వేవాడు. అతనంటే నాకు ప్రాణం.

అతనికి ఒకటే దిగులు. ఐదు కిలోమీటర్ల పరుగు పరీక్ష. తుపాకీ, వీపున సంచి, నీళ్ల సీసాతో ఇరవై ఎనిమిది నిమిషాల్లో ముగించాలి. మోకాలి నొప్పితో రెండుసార్లు తప్పాడు. ఈ క్యాంపులో మే నెలాఖరున జరిగేది మూడోది, ఆఖరిది. నెగ్గితే హవల్దార్. తప్పితే వచ్చే ఏడు ఇంటికి.

"ఇంటికి పోయి ఏం జేయాలన్నా?" అన్నాడు మొదటి వారంలోనే. "హైవే మింద యాదో ఒక గేటు కాడ టోపీ పెట్టుకోని నిలబడాల."

"నేనుండా కదప్పా. నీకు బలం పెట్టే పని నాది" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మా నాయన అనంతపురం మార్కెట్ యార్డులో శనక్కాయల మూటలు మోసేవాడు. మూట ఎత్తేముందు బెల్లం ముక్క నోట్లో వేసుకుని, వెంటనే వంగేవాడు. మూటలెత్తేవాళ్లందరిదీ అదే పద్ధతి. అది చూస్తూ పెరిగాను. అందుకని ఆపరేటర్ కోసం రోజూ పొద్దున పానకం కలిపాను. నిమ్మకాయంత బెల్లం, చిటికెడు మిరియాల పొడి, స్టీలు గ్లాసు నిండా నీళ్లు. మిగతావాళ్లకు ఉత్త టీ.

పటాలంలో గంటలు వేరుగా ఉంటాయి. ఐదుంబావుకు పానకం. ఐదున్నరకు ఫాలిన్, అంటే వరసలో నిలబడటం. తర్వాత సంచులు తూచడం, తుపాకులు లెక్కపెట్టడం, క్యాంపు పెద్ద సుబేదార్ గారి ఉపన్యాసం. ఆరింటికి పరుగు. ముప్పావుగంట ఊరికే నిలబడటమే. ఆ ముప్పావుగంటను నేను లెక్కలోకే తీసుకోలేదు.

పరుగు దారి క్యాంపు నుంచి మొదలై ఎండిపోయిన చెరువు కట్ట వెంట వెళ్లి తిరిగి వచ్చేది. రెండో కిలోమీటరుకు కాస్త ముందు పాత తూము ఉంది. రాతి దిమ్మె, పగిలిన మెట్లు, కింద ఇసుక. అందులో నీళ్లు పారి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలీదు.

నాలుగో రోజు ఆపరేటర్ తూము దగ్గర నెమ్మదించాడు. ఐదో రోజూ అంతే. ఆరో రోజు అక్కడే నిలబడిపోయి వెనక్కి చూశాడు.

"ఏమైందప్పా?" అని అడిగాను తిరిగి వచ్చాక. చొక్కా తడిసి ముద్దయింది. ముట్టుకుంటే చెయ్యి చల్లగా ఉంది. ఆ ఎండలో చల్లగా ఉంది.

"ఆడికి పోతానే వెనక నుంచి ఎవరో పిలుస్తాండారన్నా" అన్నాడు. "కాళ్లు నావి కానట్ల అయితాది."

నాలుగు పూరీలు తిని, చక్కెర టీ రెండు గ్లాసులు తాగాడు. పది నిమిషాల్లో మామూలు మనిషయ్యాడు. ఆ టీ గ్లాసులోనే నాకు జవాబు ఉంది. కళ్లుండీ చూడలేదు.

గొర్రెల కాపరి ఒకాయన రోజూ క్యాంపు పక్కనుంచి పోయేవాడు. తూము సంగతి అడిగాను.

"ఆడ మేం ఆగమప్పా. గొర్రెలు గూడా ఆగవు."

"ఎందుకు?"

"మా నాయన చెప్పలే. నేను అడగలే" అని గొర్రెలను తోలుకుపోయాడు.

ఆ మాట నేను కడుపులో దాచుకోవాల్సింది. నోరు ఆగక వంట డేరాలో చెప్పేశాను. వారం తిరిగేసరికి మొత్తం క్యాంపుకు పాకింది. అంతవరకు హాయిగా పరుగెత్తినవాళ్లు కూడా తూము దగ్గర మెడ తిప్పి చూడటం మొదలుపెట్టారు. ఎవరో దిమ్మె మీద నిమ్మకాయ కోసి పెట్టారు. సుబేదార్ దాన్ని బూటుతో తన్ని, "శత్రువు వస్తే వాడికీ నిమ్మకాయ పెడతారా?" అని అరిచాడు. ఆయనది హిందీ. మా మందులు, సూదులు చూసే నర్సింగ్ అసిస్టెంట్‌దీ హిందీయే. వాళ్ల మాటలు నేను తెలుగులో రాస్తున్నాను.

ఆపరేటర్ టైము రోజురోజుకూ పెరిగింది. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి. నిద్ర పట్టడం లేదన్నాడు. నాకు భయం పట్టుకుంది. భయం పెరిగేకొద్దీ పానకం చిక్కన చేశాను. నిమ్మకాయంత బెల్లం నారింజకాయంత అయింది. పైన రెండు చెంచాల గ్లూకోజు పొడి. వాడు ఎంత వణికితే నేను అంత తీపి పోశాను.

పరీక్ష రోజు వచ్చింది. ఒళ్లు తేలిగ్గా ఉండాలని ఆపరేటర్ ముందు రాత్రి అన్నం ముట్టలేదు. ఐదుంబావుకు పావుకిలో బెల్లం కరిగించి ఇచ్చాను. గటగటా తాగాడు. అడుగున మిగిలింది కూడా వేలితో నాకాడు.

ఆరింటికే ఉక్కగా ఉంది. గాలి లేదు. గాలిమరలు ఆగి ఉన్నాయి. ఐదుగురు పరుగెత్తాలి. ఆపరేటర్ దగ్గర చేతి సెట్ ఉంది. క్యాంపు సెట్ దగ్గర కూర్చోవడానికి మనిషి లేడు. "నీ వంట అయిపోయిందిగా, కూర్చో" అన్నాడు సుబేదార్. కూర్చున్నాను.

ఆరూ ఆరుకు మొదటి మాట వచ్చింది.

"బేస్, ఒక కిలోమీటరు దాటినా. ఓవర్."

"శానా బాగ పోతాండావు. ఓవర్."

ఆరూ పదికి మళ్లీ వచ్చింది. ఊపిరి శబ్దం ఎక్కువగా ఉంది.

"అన్నా, వెనక ఎవరో వస్తాండారు."

"నీతోపాటు నలుగురుండారు కదప్పా. ఓవర్."

"వాళ్లు కాదు. వాళ్లు ముందరికి పోయినారు."

ఒళ్లు జలదరించింది. మాటలకు కాదు. వాడు రెండుసార్లూ ఓవర్ అనలేదు.

"దోవ మిందనే రా. ఆగొద్దు. ఓవర్" అన్నాను.

"నీళ్లు ఉండాయన్నా ఈడ. చెరువు నిండా ఉండాయి."

"రేయ్, ఆ చెర్లో నీళ్లు లేవు. రోజూ చూస్తాండావు కదరా!"

మీట నొక్కే ఉంచాడు. సెట్‌లో మెత్తగా ఏదో జారుతున్న శబ్దం, ఆగి, మళ్లీ జారుతున్న శబ్దం. అంతే. ఎంతసేపు విన్నానో చెప్పలేను. డ్యూటీలో సెట్ వదిలి కదలకూడదు. వదిలేశాను. నర్సింగ్ అసిస్టెంట్‌ను కేకేసి జిప్సీ జీపు ఎక్కించాను.

తూము దగ్గర లేడు. కట్ట దిగి, చెరువు మధ్య వైపు మూడు వందల అడుగుల దూరంలో కనిపించాడు. బూట్లు విప్పి పక్కపక్కన పెట్టాడు. మేజోళ్లు మడిచి వాటిలో దోపాడు. తుపాకీ వాటి మీద అడ్డంగా ఉంది. ఇంట్లోకి వెళ్లేవాడిలా అన్నీ సర్దిపెట్టి, గొంతుక్కూర్చుని, రెండు చేతులా ఇసుక తోడుకుని నోటికి ఎత్తుకుంటున్నాడు. వేళ్ల సందుల్లోంచి కారుతున్న ఇసుకను చూసి, పోనీకుండా దోసిలి బిగిస్తున్నాడు.

భుజం పట్టుకున్నాను. నా వైపు చూసి నవ్వాడు. పెదాల నిండా ఇసుక.

"తియ్యగా ఉండాదన్నా" అన్నాడు. దోసిలి నా నోటి దగ్గరకు చాచాడు.

తర్వాత ఒరిగిపోయాడు. నర్సింగ్ అసిస్టెంట్ నోరు కడిగి, వేలి కొసన రక్తం తీసి చిన్న మిషన్‌లో చూశాడు. చూసి బూతు తిట్టాడు. నరానికి సూది గుచ్చి గ్లూకోజు ఎక్కించాడు. చూస్తుండగానే వాడి ముఖంలోకి రంగు వచ్చింది. కళ్లు తెరిచి, "ఈడికెట్ల వచ్చినా?" అని అడిగాడు. బూట్లు విప్పింది గుర్తులేదు. నీళ్లు చూసిందీ గుర్తులేదు. ఒక్క నిమిషం పోయాక పరుగు గుర్తొచ్చింది. మోకాళ్లలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు.

"పొద్దున ఏం పెట్టావు?" అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్ నాతో. "ఎన్నింటికి?"

చెప్పాను.

"తీపి తాగి ఊరికే నిలబడితే ఒంట్లో ఇన్సులిన్ పుడుతుంది" అన్నాడు. "అది పనిలోకి దిగే వేళకు మీరు పరుగు మొదలుపెడతారు. రెండూ కలిసి రక్తంలో చక్కెరను లాగేస్తాయి. చాలామందికి ఆ తేడా తెలియనే తెలియదు. కొందరికి కాళ్లు వణుకుతాయి. వీడి ఒళ్లు మరీ అలాంటిది. పైగా ఖాళీ కడుపు, ఉక్క."

"తూము కాడనే ఎందుకు?"

"వీడి పదో నిమిషం అక్కడ పడుతుంది. అందుకని."

"మరి ఇసుక?"

మిషన్ పెట్టెలో పెట్టుకున్నాడు. "అది నా చదువులో లేదు" అన్నాడు.

మా నాయన గుర్తొచ్చాడు. ఆయన బెల్లం నోట్లో వేసుకుని వెంటనే మూట ఎత్తేవాడు. మధ్యలో ఆయన్ని ముప్పావుగంట నిలబెట్టిన సుబేదార్ ఎవరూ లేరు. ఆయన పద్ధతిలో సగం పట్టుకుని, మిగతా సగం వదిలేశాను.

క్యాంపుకు తిరిగొచ్చేసరికి సుబేదార్ కాగితం రాస్తున్నాడు. "మూడోసారి తప్పాడు. ఇక నా చేతుల్లో లేదు." నేను ఊరుకుంటే నా సర్వీసు శుభ్రంగా ఉంటుంది. వాడు ఇంటికి పోతాడు. ఆపరేటర్ నా గురించి ఒక్క మాట చెప్పలేదు. అడిగినా చెప్పేవాడు కాదు.

"సాబ్, తప్పు అతనిది కాదు. నాది. రాసుకోండి" అన్నాను.

మొత్తం విన్నాడు. నర్సింగ్ అసిస్టెంట్‌ను పిలిచి మళ్లీ విన్నాడు. కాగితం చింపి ఇంకొకటి తీశాడు. వైద్య కారణం మీద ఆ పరుగు రద్దు. నాకు ఎర్రసిరా ఎంట్రీ, అంటే సర్వీసు రికార్డులో శిక్ష. పదహారేళ్లలో అదొక్కటే. దాని గురించి నాకు విచారం లేదు.

పన్నెండు రోజుల తర్వాత మళ్లీ పరుగు. ముందు రాత్రి పక్కన కూర్చుని కడుపునిండా అన్నం తినిపించాను. ఐదుంబావుకు ఉత్త మంచినీళ్లు. ఐదూ యాభై ఎనిమిదికి, గీత మీద నిలబడ్డాక, నిమ్మకాయంత బెల్లం ముక్క నోట్లో పెట్టాను. వాడు దాన్ని బుగ్గన పెట్టుకుని ముందుకు వంగాడు.

ఆరూ పదికి సెట్ పలికింది.

"బేస్, తూము దాటినా. ఓవర్."

"వెనక ఎవరన్నా ఉండారా? ఓవర్."

సెట్‌లో బూట్ల చప్పుడు ఆగకుండా వినిపించింది.

"వెనక్కి సూడలేదన్నా. ఓవర్."

ఇరవై ఏడు నిమిషాల పది సెకన్లు. హవల్దార్ అయ్యాడు. ఆ రోజు జిలేబీ వండాను. వాడు తినలేదు.

జూలైలో డేరాలు విప్పాం. లారీలు కదిలిన పొద్దున గాలిమరలన్నీ తిరుగుతున్నాయి. ఏడాది తర్వాత నేను సర్వీసు ముగించుకుని ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద పొద్దున్నే పోలీసు సెలక్షన్లకు, మిలట్రీకి పరుగెత్తేవాళ్లు కనిపిస్తారు. జేబుల్లో గ్లూకోజు పాకెట్లు. ఆపి చెప్తాను. తినేది మూడు గంటల ముందు తినండి. తీపి కావాలంటే గీత మీద నిలబడ్డాక. నడుమ తాగాలనుకుంటే ముందు పరీక్ష లేని రోజు తాగి, మీ ఒళ్లు ఏమంటుందో చూసుకోండి. "సరేలేన్నా" అంటారు. వాళ్ల తూము యాడుందో వాళ్లకు తెలీదు కదా.

శ్రీరామనవమికి వీధిలో పానకం పంచుతారు. వద్దనలేక తీసుకుంటాను. గ్లాసు అడుగున కాస్త ఇసుక నిలుస్తుంది. బెల్లంలో ఇసుక ఉండటం మామూలే, అందరూ ఆ చుక్క పారబోస్తారు. నేను గ్లాసు పట్టుకుని నిలబడతాను. ఎదురుగా దోసిలి, వేళ్ల సందుల్లోంచి కారుతున్న ఇసుక, నవ్వుతున్న వాడి ముఖం. ఇప్పటికీ ఆ దోసిలి నా నోటి వైపే చాచి ఉంది.