తలుపు అద్దం దగ్గర కాపలా

ఆ కారంటే నాకు మొదటి రోజు నుంచే గిట్టదు. ఎర్రగా, నేలకు అతుక్కుపోయినట్టు ఉండేది. ఇద్దరికి మించి చోటు లేదు. పైన రేకు ఉండదు, వెనక్కి మడిచిపెట్టుకునే గుడ్డ టాపు. మా షావుకారు దాన్ని బొంబాయిలో ఎవరి దగ్గరో కొని, లారీ మీద ఎక్కించి గుంటూరు తెప్పించాడు. మిర్చి సీజన్‌లో టిక్కీలనే మిర్చి బస్తాల లారీలతో ఇరుక్కుపోయే యార్డు రోడ్డు మీద దాన్ని నడపడమంటే అడుగడుక్కీ హారన్ కొట్టి, బస్తాలు మోసే హమాలీలను తిట్టడమే. ఆ పని ఆయనకు ఇష్టం. కారు దిగి ఆఫీసులోకి రాగానే, ఎదురుగా రైతు ఉన్నా బ్యాంకు మనిషి ఉన్నా ఒకటే మాట. బండి కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉందనీ, ఇంతవరకూ దాని మీద ఏ మెకానిక్ చెయ్యీ పడలేదనీ.

నేను ఆయన మిర్చి వ్యాపారం ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టేదాన్ని. డిగ్రీ అయ్యి ఏడాది. పొన్నూరు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే ముందు వాక్యమంతా మనసులో కూర్చుకునేదాన్ని, అది సిద్ధమయ్యేలోగా అవతలి మనిషి వెళ్లిపోయేవాడు. ఆ ఉద్యోగం మీద నాకు ప్రేమేమీ లేదు. కానీ అది ఉన్నందువల్లే గుంటూరు రావడం, మధ్యాహ్నం అన్నం త్వరగా తినేసి లైబ్రరీకి పరిగెత్తడం, బస్సులో గంటసేపు ఎవరూ పిలవకుండా చదువుకోవడం కుదిరేవి. అది పోతే ఇంట్లో అమ్మ కుట్టుమిషను పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టాలి. అమ్మ ఆ సంగతి దాచలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఈ తిరుగుళ్లని మొదటి రోజే చెప్పింది.

ఆ కారు తలుపుకు పైన చట్రం ఉండదు. అద్దం ఒక్కటే పైకి లేచి, టాపు అంచున ఉన్న రబ్బరుకు ఆనుకుని నిలబడాలి. షావుకారు బావమరిది ఒకరోజు అద్దం సగం దించి ఉండగా దాని అంచు పట్టుకుని, జీపు తలుపు వేసినట్టు విసిరి వేశాడు. అద్దం రాళ్ల ఉప్పులా రాలిపోయింది. షావుకారు బావమరిదిని ఏమీ అనలేదు. వాచ్‌మన్‌ను పిలిచి, కారు అక్కడ పెట్టనిచ్చినందుకు తిట్టాడు.

కొత్త అద్దం బొంబాయి నుంచి చెక్కపెట్టెలో రావడానికి నెలన్నర పట్టింది. దాన్ని బిగించడానికి ఊళ్లో పెద్ద షోరూముల వాళ్లెవరూ ఒప్పుకోలేదు. చివరికి ఆటోనగర్‌లో జీపు టాపులు కుట్టి, తలుపు అద్దాలు వేసే ఒక మేస్త్రి ఒప్పుకున్నాడు. యాభై ఏళ్ల సాయిబు. వాళ్ల తాతలు దూది ఏకేవాళ్లట, ఆయన తండ్రి పరుపుల నుంచి బస్సు సీట్లకు వచ్చాడట, ఈయన సీట్ల నుంచి తలుపులకు వచ్చాడు. ఇవన్నీ ఆయన నాకు చెప్పినవి కావు. నాకు వినపడేలా ఇంకొకరితో చెప్పినవి.

మా వైపు బండి షెడ్డుకు వెళితే ఓనరు తరఫున ఒక మనిషి స్టూలు వేసుకుని అక్కడే కూర్చోవాలి. లేకపోతే మెకానిక్ మంచి సామాను పీకేసి పాతది బిగిస్తాడని అందరి నమ్మకం. లారీకి క్లీనరు కూర్చుంటాడు, కారుకు డ్రైవరు కూర్చుంటాడు. ఈ కారును షావుకారు తనే నడుపుతాడు, డ్రైవరు లేడు. గుమాస్తాలందరూ యార్డులో వేలం పాటల దగ్గర ఉన్నారు. మిగిలింది నేను. పైగా నాకు ప్రతిదీ రాసుకునే అలవాటుందని ఆఫీసులో తెలుసు. టేబుల్ సొరుగులో నా డైరీ ఒకసారి గుమాస్తాలకు దొరికి, వారం రోజులు నవ్వుకున్నారు.

"విప్పిన ప్రతి ముక్కా రాయి," అన్నాడు షావుకారు, ఒక కొత్త నోటుపుస్తకం నా మీదికి తోస్తూ. "ఒక్క బోల్టు మారిందంటే రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

మేస్త్రి నన్ను చూశాడు, పుస్తకాన్ని చూశాడు. షావుకారు వెళ్లేదాకా ఆగాడు. తర్వాత ఒక ఇనప స్టూలు తెచ్చి, షెడ్డులో అంత నీడ ఉండగా, కరెక్టుగా ఎండ పడే చోట వేశాడు.

"కూర్చో తల్లీ. ఇక్కణ్ణుంచైతే నా రెండు చేతులూ కనపడతాయి."

కూర్చున్నాను. నీడలోకి జరగనా అని అడగడానికి వాక్యం కూర్చుకుంటూ ఉండగానే ఆయన పని మొదలుపెట్టాడు. తలుపు లోపలి వైపు ప్యాడ్‌కు ఉన్న ఒక్కో స్క్రూ తీసి, నా ముఖానికి ఎదురుగా పట్టుకుని, డబ్బాలో టంగుమని వేసేవాడు.

"రాసుకో. స్క్రూ ఒకటి. జేబులో వేసుకోలేదు, డబ్బాలో వేశాను. రాశావా? ఇంకోటి. ఇది కూడా మింగలేదు."

పక్క షెడ్డులో లారీ బాడీలు కట్టేవాళ్లు నవ్వారు. ఒకడు, ఆయన భోజనానికి వెళ్లినా వెనక వెళ్లి ముద్దలు లెక్కపెట్టాలా పాపా అని అడిగాడు. టీ వచ్చినప్పుడు అందరికీ ఇచ్చారు, నన్ను దాటేశారు. నేను అన్నీ రాశాను. స్క్రూలతో పాటు ముద్దల మాటా, టీ మాటా రాశాను. రాయడం తప్ప ఎదురుదెబ్బ కొట్టడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ఆయన మీదా, నన్ను అక్కడ కూర్చోబెట్టిన షావుకారు మీదా నాకు ఒకేలాంటి మంట.

ప్యాడ్ ఊడి వచ్చింది. వెనక ఒక ప్లాస్టిక్ కాగితం. దాన్ని చింపకుండా గోటితో ఒలిచి, తలుపు బొక్కలోకి చెయ్యి పెట్టి, పగిలిన ముక్కలు గుప్పిళ్లతో తీసి పాత దుప్పటి మీద పోయడం మొదలుపెట్టాడు. రెండు గుప్పిళ్లు తెల్లటి ముక్కలు వచ్చాయి. మూడోసారి ఆగిపోయాడు. చెయ్యి బయటికి తీసి, అరచేతిలో ఉన్నదాన్ని వెలుతురులోకి పట్టాడు. మళ్లీ లోపలికి టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"ఇటు రా," అన్నాడు. వెక్కిరింపు లేని మొదటి మాట అదే. "నేనేమీ చెప్పను. నీ కళ్లతో చూసి, చూసింది రాయి."

చూశాను. తలుపు అడుగున, నూనె కలిసిన బురదలో, వేరే ముక్కలు ఉన్నాయి. లేత ఆకుపచ్చ రంగువి. పైన రాలినవి తెల్లవి. రెండూ ఒక అద్దానివి కావని నాకు కూడా తెలిసింది. అద్దాన్ని పట్టి ఉంచే చోట, ఒకవైపు కంపెనీ బిగింపు నల్లగా నున్నగా ఉంది. రెండోవైపు ఎవరో చేత్తో కోసిన ఇనప పట్టీ ఉంది. దానికి ఆకురాయి గీతలు, పైన పూసిన ఎర్ర రంగు, ఆ రంగు మీద ఏళ్లనాటి తుప్పు. టైము చూసుకుని రాశాను. పదకొండు ఇరవై.

అక్కణ్ణుంచి సాయంత్రం దాకా ఆయన పని చూశాను. ఒప్పుకోవడం ఇష్టం లేదు గానీ ఆ పని నాకు నచ్చింది. అద్దాన్ని ఏటవాలుగా తలుపులోకి దించి, ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట పెట్టి, కళ్లు మూసుకుని బోల్టు మర వెతుక్కునేవాడు. బిగించి, టాపు వేసి, తలుపు మూసి, రబ్బరుకూ అద్దానికీ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి లాగేవాడు. కాగితం గట్టిగా ఉంటే అక్కడ అద్దం ఆనినట్టు. ముందు భాగమంతా ఆనింది. వెనక మూల మాత్రం ప్రతిసారీ కాగితం వదులుగా జారి వచ్చేసేది. ఆ పట్టీ అద్దాన్ని వెనక్కి వాల్చేస్తోంది. విప్పి, వాషర్ వేసి, మళ్లీ బిగించాడు. అలా ఏడుసార్లు. మోచేతి దగ్గర చర్మం లేచిపోయింది. చివరికి సందు ఒక గోరంతకు తగ్గింది, అంతకన్నా తగ్గలేదు.

నాలుగింటికి షావుకారు వచ్చాడు. చుట్టూ తిరిగాడు, స్విచ్ నొక్కి అద్దాన్ని పైకీ కిందికీ ఆడించాడు. తర్వాత ఒక బకెట్ నీళ్లు తెప్పించి టాపు మీద పోయించాడు. వెనక మూల నుంచి నీళ్లు సన్నగా దిగి సీటు మీద పడ్డాయి.

మేస్త్రి దాచలేదు. లోపల ఒకవైపు బిగింపు కంపెనీది కాదనీ, ఎవరో ముందే మార్చారనీ, అసలుది తెప్పిస్తే సందు పోతుందనీ చెప్పాడు. అద్దం కూడా ఇంతకుముందు ఒకసారి పగిలిందన్నాడు. షావుకారు ముఖం ఎర్రబడింది. చెయ్యి పడని బండి అని ఊరంతా చెప్పుకున్న మనిషి ఆయన.

"అసలు బిగింపు ఎక్కడ పెట్టావురా?"

"రా అనకండి. నా షెడ్డులో నిలబడి రా అనకండి," అన్నాడు మేస్త్రి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. "పొద్దున్నుంచీ మీ మనిషి ఇక్కడే కూర్చుంది. అడగండి."

షావుకారు నా వైపు తిరిగాడు. "ఏమ్మాయ్, పొద్దున ఆ ఇనప పట్టీ లేదు కదా."

అది ప్రశ్న కాదు. ఏం చెప్పాలో ఆయనే చెప్పేశాడు, నేను తల ఊపితే చాలు. ఊపితే మేస్త్రి దొంగవుతాడు, నా ఉద్యోగం ఉంటుంది. పక్క షెడ్డు వాళ్లు పని ఆపి చూస్తున్నారు. పుస్తకం తెరిచి, అందులో ఉన్నది చదివాను. పదకొండు ఇరవై, ప్యాడ్ తీశారు, లోపల రెండు రకాల అద్దం ముక్కలు, ఒకవైపు చేత్తో కోసిన పట్టీ, దాని మీద పాత తుప్పు. గొంతు ఎంతగా వణికిందంటే చివరి మాటలు నాకే వినపడలేదు.

"అబద్ధం రాశావు," అన్నాడు షావుకారు.

చాలామంది అనుకున్నట్టు నేను మేస్త్రి కోసం నిలబడలేదు. ఆయనంటే నాకు అప్పటికీ కోపమే. నేను రాసింది అబద్ధం అనడం మాత్రం భరించలేకపోయాను. నా జీవితంలో నేను సరిగ్గా చేసే పని అదొక్కటే. పుస్తకం మళ్లీ తెరిచి, అదే పేజీ మొదటి నుంచి మళ్లీ చదివాను. ఈసారి పక్క షెడ్డుకు కూడా వినపడింది.

షావుకారు పుస్తకం లాక్కుని కారులో పడేసి, తడిసిన సీటు మీదే కూర్చుని వెళ్లిపోయాడు. నన్ను ఎక్కమనలేదు.

మేస్త్రి ఏమైనా అంటాడేమోనని ఆగాను. ఆయన స్పానర్లు సర్దుకుంటున్నాడు.

"నాకేదో మేలు చేశానని అనుకోకు. ఇరవై ఏళ్లలో ఈ షెడ్డుకు ఎవడూ రాసుకునే మనిషిని పెట్టలేదు. రేపు ఆటోనగర్ అంతా ఆ సంగతే చెప్పుకుంటారు. నువ్వేం చదివావో ఎవడికీ గుర్తుండదు. స్టూలు లోపల పెట్టి వెళ్లు."

స్టూలు లోపల పెట్టి, బస్టాండు దాకా నడిచాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్లాను. రావద్దని ఎవరూ నోటితో అనలేదు కాబట్టి వెళ్లాను. నా కంప్యూటర్ ముందు షావుకారు బంధువులబ్బాయి కూర్చున్నాడు. నన్ను షావుకారు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గరికి పంపారు. వచ్చే ప్రతి లారీ మిర్చికీ లాటు నంబరు రాసే పని. ముక్కుకు చున్నీ కట్టుకున్నా ఘాటు ఆగదు. సాయంత్రానికి కళ్లు మండి నీళ్లు కారేవి. బస్సులో పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయేవి. వారం తర్వాత తెరవడం మానేశాను. గంటసేపు కళ్లు మూసుకుని, షావుకారును, మేస్త్రిని, టీ ఇవ్వని వాళ్లను వరసగా తిట్టుకుంటూ పొన్నూరు చేరేదాన్ని. కళ్లు ఎందుకు ఎర్రగా ఉన్నాయని అమ్మ అడిగితే సీజన్ అని చెప్పాను.

అలా రెండు నెలలు. ఒక శనివారం హైదరాబాదు నుంచి ఒకాయన ఆ కారు కొనడానికి వచ్చాడు. కారును కోల్డ్ స్టోరేజీ ముందే, నా టేబుల్‌కు పది అడుగుల దూరంలో నిలబెట్టారు. వెనక మూల సందు కనపడకుండా ఎవరో లావు రబ్బరు అతికించారు. షావుకారు తన పాత మాటే చెప్పాడు. ఏ చెయ్యీ పడలేదు, వచ్చింది వచ్చినట్టే ఉంది.

కొనే మనిషి తొందరపడేవాడు కాదు. అద్దాన్ని నాలుగైదుసార్లు దించి ఎత్తి, చెవి పెట్టి విన్నాడు. ఆ రబ్బరు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. చుట్టూ చూసి నా దగ్గరికి వచ్చాడు. అక్కడ ఉన్నవాళ్లలో అబద్ధం చెప్పే ధైర్యం లేనిదానిలా నేనే కనపడి ఉంటాను.

"మీరు ఇక్కడే పని చేస్తారు కదమ్మా. ఈ తలుపు అద్దం ఎప్పుడైనా మార్చారా?"

షావుకారు ఆయన వెనక నిలబడి ఉన్నాడు. రెండు నెలల్లో నన్ను సూటిగా చూడటం అదే మొదలు. నేను వాక్యం కూర్చుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

"నాకు తెలియదండి," అన్నాను.

గొంతు అస్సలు వణకలేదు. ఆయన నన్ను ఇంకొక్క క్షణం చూసి, థాంక్స్ చెప్పి, మళ్లీ కారు దగ్గరికి వెళ్లాడు. మధ్యాహ్నానికి కారు అమ్ముడైపోయింది.

సోమవారం నా కుర్చీ నాకు తిరిగి ఇచ్చారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కళ్ల మంట తగ్గడానికి ఇంకో పది రోజులు పట్టింది. తగ్గాక కూడా చాలాకాలం ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీ దాటలేకపోయాను.