కుడివైపు సీటు

మా వదిన స్కూటర్ తీసే ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తుంది. వంగి టైర్లు చూస్తుంది, బ్రేకు నొక్కి చూస్తుంది, కింద ఆయిలు చుక్క పడిందేమోనని నేల కూడా చూస్తుంది. కూరగాయలకు పోవడానికి ఇంత తతంగమా అని వీధిలో వాళ్ళు నవ్వుకునేవారు. ఆమె విమానాలు నడిపే మనిషని తెలిశాక నవ్వడం మానేశారు. నేను మాత్రం మానలేదు. ఆడపడుచుని, ఆ మాత్రం హక్కు నాకుంది.

మా అన్నయ్యను చేసుకుని ఈ ఇంటికి వచ్చేనాటికే ఆమె పైలట్. పెద్ద పెద్ద జెట్లు కాదు. రెక్కలకు పంకాలు తిరిగే చిన్న విమానాలు, చిన్న ఊళ్ళ మధ్య రోజంతా బస్సుల్లా తిరిగేవి. వాళ్ళ నాన్న నిజంగానే బస్సు డ్రైవరు. చిన్నప్పుడు ఆయన పక్కన ఇంజను మూత మీద కూర్చుని తిరిగేదట. "ముందు అద్దంలోంచి రోడ్డు చూసినదాన్ని, వెనక సీట్లో ఎలా కుదురుగా కూర్చుంటాను?" అంటుంది. కుడివైపు సీట్లో కో-పైలట్‌గా మొదలుపెట్టి, ఎడమవైపు సీట్లోకి, అంటే కెప్టెన్ సీట్లోకి, మారేసరికి తలలో నాలుగు తెల్ల వెంట్రుకలొచ్చాయి. వాటికి రంగు వేయనంది. ఇవి కష్టపడి సంపాదించినవి అంది.

కంపెనీ మూతపడ్డ రోజున ఆమె ఏడవలేదు. టోపీ బీరువా మీద పెట్టింది, టీ పెట్టుకుంది, "మన రకం విమానాలు నడిపే కంపెనీ ఇక్కడ ఇంకోటి లేదు. బయటి దేశాల్లో వెతుక్కోవాల్సిందే" అంది. ఏడ్చింది నేను. "ముక్కు తుడుచుకో, మనమింకా నేలకి గుద్దుకోలేదు" అని కసిరింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. సరే, అడగడం మొదలుపెట్టింది. ఒక కంపెనీ మీ లైసెన్సు మా దేశంలో చెల్లదు, పరీక్షలన్నీ మళ్ళీ రాయాలంది. ఇంకొకటి మా భాష రావాలంది. మరొకటి అంతా తియ్యగా మాట్లాడి, చివర్లో ఆఖరిసారి ఎప్పుడు ఎగిరారని అడిగింది. అసలు మెలిక అక్కడే ఉంది. పైలట్‌కి ఎంత అనుభవమున్నా, ఎగరడం ఆపి ఏడాది కావస్తోందంటే కంపెనీలు మొహం చాటేస్తాయి. పని దొరకాలంటే ఎగురుతూ ఉండాలి, ఎగరాలంటే పని ఉండాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్టు తయారైంది మా వ్యవహారం.

కంప్యూటర్‌లో జరిగే ఇంటర్వ్యూలైతే పెళ్ళిచూపులే. పైన కెప్టెన్ల నాలుగు చారల కోటు, కింద ఇంట్లో వేసుకునే నలిగిన పైజామా. పక్కగదిలో నేను కుట్టుమిషన్ ఆపి, తుమ్ము కూడా మింగేసి కూర్చునేదాన్ని.

ఈలోగా ఊళ్ళో పైలట్ పాఠాలు చెప్పే స్కూలొకటి ఆమెను రమ్మంది. బోర్డు ముందు నిలబడి పాఠాలు చెప్పే పని. గౌరవమైన పనే. అన్నయ్య ఒప్పుకోమన్నాడు. "ఒప్పుకుంటా. కానీ ఒప్పుకున్నాక నేను మళ్ళీ విమానం ఎక్కేది ప్రయాణికురాలిగానే" అంది వదిన. స్కూలువాళ్ళని కొన్నాళ్ళు ఆగమంది.

అప్పుడొచ్చింది ఒక పరాయి దేశపు కంపెనీ నుంచి పిలుపు. సిమ్యులేటర్‌లో పరీక్ష. అచ్చంగా విమానంలో పైలట్లు కూర్చునే ముందుభాగంలా ఉండే గది అది. ఊగుతుంది, కుదుపుతుంది, అద్దాల్లో ఆకాశం చూపిస్తుంది, నేల మాత్రం వదలదు. అందులో నెగ్గితే ఉద్యోగం. తప్పితే ఏడాది గడువు దాటిపోతుంది, మిగిలేది బోర్డూ సుద్దముక్కా.

మా అన్నయ్యది బ్యానర్లు అచ్చువేసే షాపు. వదిన దగ్గర ఫోటో తీసుకుని విమానం ముందుభాగాన్ని నిలువెత్తు బ్యానర్‌గా అచ్చువేసి భోజనాల గది గోడకు తగిలించాడు. రెండు కుర్చీలు వేశాం. మధ్యలో అట్టపెట్టె, దాని మీద రెండు బట్టల క్లిప్పులు. అవి ఇంజన్లకు ఇంధనం ఆపే మీటలు. ఎడమ క్లిప్పు ఎడమ ఇంజనుకి, కుడి క్లిప్పు కుడి ఇంజనుకి. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అని అన్నయ్య సుత్తి పక్కన పెట్టాడు.

కుడివైపు కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది వదిన. పగలంతా బట్టలు కుట్టుకుంటూ ఇంట్లో ఉండేది నేనే. ఆడపడుచు అర్ధమొగుడంటారు, నేను అర్ధ పైలట్‌ని కూడా అయ్యాను.

ఇంజనుకి నిప్పంటుకుంటే పద్ధతి ఇది. కెప్టెన్ విమానాన్ని నిలకడగా పట్టుకుంటుంది. పక్కనున్నవాళ్ళు మంటలున్న ఇంజను మీట మీద చెయ్యి పెట్టి, లాగకుండా, "ఇదేనా?" అని అడుగుతారు. కెప్టెన్ తల తిప్పి, కళ్ళతో చూసి, "అవును" అంటేనే లాగాలి. పొరపాటున బాగున్న ఇంజను ఆపేస్తే ఇక రెండూ లేనట్టే.

చిక్కేమిటంటే, నాకు కుడీ ఎడమా తెలియవు. ఇది మా ఇంట్లో పాత జోకు. వాచీ ఉన్న చెయ్యి ఎడమ అని గుర్తు పెట్టుకుంటాను, తొందరలో వాచీ చూడటం మర్చిపోతాను. ఒకాయన చొక్కాకి జేబు కుడివైపు కుట్టేస్తే, గుండె అటే ఉందనుకున్నావా అన్నాడాయన. అలాంటి నేను "ఇదేనా?" అని అడిగినప్పుడల్లా నా చెయ్యి తప్పు క్లిప్పు మీద ఉండేది. వదిన ఉలిక్కిపడి, "అది కాదే తల్లీ, ఆగు!" అని అరిచేది.

రోజూ ఇదే భాగోతం. ఒకరోజు అన్నయ్య చూసి, "నువ్వు లే. నీ గందరగోళం దానికి అంటిస్తున్నావు. సాయంత్రాలు నేను కూర్చుంటా" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీ విమానం మీరే నడుపుకోండి అని కుట్టుమిషన్ దగ్గరికి పోయాను. చెప్పొద్దూ, చాలా బాధేసింది. ఆ కుర్చీ నాకు నచ్చింది.

అన్నయ్య మహా జాగ్రత్త మనిషి, ఒక్కసారి కూడా తప్పు క్లిప్పు మీద చెయ్యి పెట్టలేదు. "ఇదేనా?" "అవును." "ఇదేనా?" "అవును." పక్కగదికి అది భజనలో తాళం వేసినట్టు వినపడేది. వదిన ముఖంలో ధీమా వచ్చింది. నేను మూతి ముడుచుకుని కాజాలు కుట్టుకున్నాను.

ప్రయాణానికి ముందురోజు షాపులో పని పడి అన్నయ్య రాలేదు. వదిన గుమ్మంలో నిలబడి, "అలిగింది చాలు, రావే. ఒక్కసారి చూసుకుందాం" అంది. బెట్టు చేసి వెళ్ళాను. కుడి ఇంజనుకి నిప్పు అంది. నేను చెయ్యి పెట్టి "ఇదేనా?" అన్నాను.

"అవును" అంది వదిన, బ్యానర్ వైపే చూస్తూ.

క్లిప్పు లాగేశాను. లాగాక వాచీ చూసుకున్నాను. లాగింది ఎడమది.

వదిన నా చేతిలోని క్లిప్పు వైపు చూసి పాలిపోయింది. విమానమే కూలినట్టు రెండు చేతులూ ఒళ్ళో పడేసింది. "నేను చూడలేదు. మీ అన్నయ్యతో కూర్చుని కూర్చుని చూడటం మానేశాను. ఆయన తప్పు చెయ్యడని నమ్మేశాను" అంది. నాకు భయమేసింది. రేపు వెళ్ళాల్సిన మనిషిని బెంబేలెత్తించానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆమె మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, "మళ్ళీ. నీ ఇష్టమొచ్చినట్టు పెట్టు" అంది. అన్నయ్య వచ్చి అన్నానికి పిలిచేదాకా అలాగే కూర్చున్నాం. అన్నిసార్లూ చూసింది.

పరీక్ష నుంచి తిరిగొచ్చాక, చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టింది. సిమ్యులేటర్‌లో కుడివైపు సీట్లో కూర్చున్నది ఆ కంపెనీ పెద్ద కెప్టెనేనట. నెరిసిన తల, గంభీరమైన గొంతు. విమానం పైకి లేచిందో లేదో కుడి ఇంజనుకి మంటలు. గంటలు మోగుతున్నాయి, గది అదురుతోంది, ఆమె బలమంతా పెట్టి విమానాన్ని తిన్నగా పట్టుకుంది. ఆయన నింపాదిగా మీట మీద చెయ్యి వేసి, "ఇదేనా?" అన్నాడట.

"అంత పెద్దమనిషి చెయ్యి వేస్తే ఎవరైనా అవుననేస్తారు. నా మెడ మాత్రం దానంతటదే తిరిగింది. నువ్వు కూర్చున్నావనుకుందో ఏమో! చూద్దును కదా, ఎడమ మీట."

"నువ్వేమన్నావు?"

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అది కాదే తల్లీ, ఆగు, అన్నాను. తెలుగులో. అంత పెద్దాయన్ని పట్టుకుని!"

ఆయనకు ముక్క అర్థం కాకపోయినా చెయ్యి మాత్రం తీసేశాడట. తర్వాత ఇంగ్లీషులో సరిగ్గా చెప్పి, మిగతాదంతా పూర్తి చేసింది. బయటికొచ్చాక ఆయన, కావాలనే తప్పు మీట పట్టుకున్నానని, తన నెరిసిన జుట్టు చూసి చాలామంది చూడకుండానే అవుననేస్తారని చెప్పాడట. మీరన్న ఆ మాటేమిటని అడిగితే, "మా ఇంట్లో కో-పైలట్‌తో అలాగే మాట్లాడతాను సార్" అందట మా మహాతల్లి.

ఉద్యోగం వచ్చింది. కొన్ని వారాలు అక్కడ, కొన్ని వారాలు ఇంట్లో. అన్నయ్య షాపులో అందరికీ మిఠాయి పంచాడు, నాకు మాత్రం ముందుగా, చాటుగా ఇచ్చి, "ఆ రోజు లెమ్మన్నాను, ఏమనుకోకే" అన్నాడు. ఏమీ అనుకోలేదన్నాను. అది అబద్ధం. మిఠాయి మాత్రం తినేశాను.

మొదటి సెలవుకి వచ్చినప్పుడు భోజనాలయ్యాక వదిన బ్యానర్ మళ్ళీ తగిలించింది. పాసయ్యావుగా, ఇంకా ఎందుకని అడిగాను.

"అక్కడ నా పక్కన కూర్చునే పిల్లలంతా బంగారాలు. ఒక్కరూ తప్పు పెట్టరు. అదే నా భయం. రా, కూర్చో."

కూర్చున్నాను. ఎడమ ఇంజనుకి నిప్పు అంది. ఈసారి వాచీ శ్రద్ధగా చూసుకుని, చెయ్యి పెట్టి, "ఇదేనా?" అన్నాను. వదిన తల తిప్పి చాలాసేపు చూసింది.

"కావాలనే తప్పు పెడుతున్నావు కదూ, నా కోసం?"

"నీ మీదొట్టు వదినా, ఇదే ఎడమనుకున్నాను. ఇవాళ వాచీ ఏ చేతికి పెట్టుకున్నానో ఏమో!"